ఒకే గడిలో అన్ని మందులా?

అరవై దాటినవాళ్ళున్న ఏ ఇంట్లోనైనా ఫ్రిజ్ మీదో, టీవీ పక్కనో ఒక మందుల డబ్బా కనబడుతుంది. బీపీకి ఒకటి, షుగరుకు రెండు, మోకాళ్ళ నొప్పులకు ఒకటి, ఇవన్నీ మింగినందుకు కడుపులో మంట పుట్టకుండా పరగడుపున ఇంకొకటి. కొత్త డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. 'ఇప్పుడు ఏమేం వాడుతున్నారు?', 'మీకు పడని మందులేమైనా ఉన్నాయా?' రెంటికీ జవాబు ఒక్క మాటలో రాదు. జవాబు ఒక జాబితా.

ఈ వారం సంగతి ఆ జాబితా గురించే. అది కంప్యూటర్లోకి ఎలా వెళుతుంది, అడిగినప్పుడు చెక్కుచెదరకుండా బయటికి ఎలా వస్తుంది అన్నదే మనం మాట్లాడుకోబోయేది. ఇంట్లో ఇంజినీరింగో, ఎంసీఏనో చదివే పిల్లలుంటే ఈ పేజీ వాళ్ళ చేతిలో పెట్టండి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఆస్పత్రి సాఫ్ట్‌వేరు చేసేవాళ్ళు ప్రతి కాలేజీలోనూ తగులుతారు. వాళ్ళు తల పట్టుకునేది చాలాసార్లు ఈ జాబితా దగ్గరే. చదువుకునే పిల్లలు లేరంటారా, అయినా చదవండి. మీకు పడని మందు పేరు ఏదో ఒక ఆస్పత్రి కంప్యూటర్లో ఇప్పటికే ఉండి ఉంటుంది. అది అక్కడ ఎలా కూర్చుందో తెలుసుకోవడంలో నష్టం లేదు కదా.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు జాబితాను 'అర్రే' అంటారు. ఆశ్చర్యపోయినప్పుడు మనం అనే 'అరె'కూ దీనికీ చుట్టరికం లేదు. మందుల షాపులో ఇచ్చే మాత్రల షీటును ఊహించుకోండి. షీటు ఒకటే, అందులో పది గుంటలు, గుంటకో మాత్ర. మూడో గుంటలో ఏముందంటే వెంటనే చెప్పొచ్చు. అర్రే కూడా అంతే. కాకపోతే పీహెచ్‌పీ, జావా, పైథాన్ లాంటి భాషల్లో లెక్క సున్నాతో మొదలవుతుంది. మొదటి గుంట సున్నా, రెండోది ఒకటి. మొదట్లో వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇక డేటాబేస్. ఆస్పత్రుల నుంచి బ్యాంకుల దాకా ఎక్కువగా వాడే రకం డేటాబేసు బడిలో హాజరు పట్టీ లాంటిది. మనిషికో వరుస, విషయానికో నిలువు గడి. పేరు గడిలో పేరు, వయసు గడిలో వయసు, ఫోన్ గడిలో ఫోన్ నంబరు. హాజరు పట్టీలో ఒక తేదీ గడిలో టీచరు ఒకే గుర్తు వేస్తారు తప్ప వారం రోజుల హాజరంతా అందులోనే ఇరికించరు. డేటాబేసు గడి కోరుకునేదీ అదే, ఒక గడికి ఒక విలువ. ప్రోగ్రాము చేతిలో పది గుంటల షీటు ఉంది, డేటాబేసులో చూస్తే ఒక్కటే గడి. ఇదీ పేచీ.

ఈ పేచీకి ఎవరికైనా మొదట తట్టే ఉపాయం, పదింటినీ కామాలతో కలిపి ఒకే వాక్యంగా గడిలో రాసెయ్యడం. 'పెన్సిలిన్, సల్ఫా, ఆస్పిరిన్'. పీహెచ్‌పీలో ఇందుకు 'ఇంప్లోడ్' అనే ఆదేశం సిద్ధంగా ఉంది. మళ్ళీ విడదీయడానికి 'ఎక్స్‌ప్లోడ్'. పేర్లు వింటే శివకాశి గుర్తుకొస్తుంది గానీ అవి చేసేది కలపడం, విడగొట్టడం మాత్రమే. ఒక్క లైనులో పని అయిపోతుంది. పరీక్ష చేసి చూస్తే పెట్టినవి పెట్టినట్టే వస్తాయి. గైడుగారు సంతకం పెట్టేస్తారు. చిక్కులు బయటపడేది ఆ తర్వాత, నిజం మనుషులు వచ్చి క్యూలో నిలబడినప్పుడు.

ఏ మందూ పడకపోవడమన్నది లేని ఒక ఆరోగ్యవంతుడు వచ్చాడనుకుందాం. అతని గడి ఖాళీ. ఆ ఖాళీ గడిని పీహెచ్‌పీలో 'ఎక్స్‌ప్లోడ్' చేస్తే ఖాళీ జాబితా వస్తుందనుకుంటాం. రాదు. పేరు లేని ఒక వస్తువున్న జాబితా వస్తుంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే 'ఒకటి' అంటుంది. ఏ బాధా లేని మనిషి పక్కన తెర మీద 'పడని మందులు: 1' అని కనబడుతుంది. అదేమిటని నొక్కితే ఏమీ ఉండదు. నాలుగైదుసార్లు అలా జరిగాక సిస్టరు ఆ ఎర్ర గుర్తును పట్టించుకోవడం మానేస్తుంది. నిజంగా పట్టించుకోవలసిన రోజున కూడా.

మందు పేరులోనే కామా ఉంటే? 'పారాసెటమాల్ 500, రోజుకు మూడుసార్లు, తిన్నాక' అని ఎవరైనా టైపు చేస్తే అది మూడు మందులైపోతుంది. మూడోదాని పేరు 'తిన్నాక'.

గడి పొడుగు మాటకొద్దాం. చాలామంది అలవాటుగా గడికి 255 అని కొలత ఇస్తారు. ఆ అంకె వెనక చరిత్ర ఉంది. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు పాత వెర్షన్లలో ఆ రకం గడి గరిష్ఠ పొడుగే అంత. ఆ హద్దు 2005లో పోయింది, అలవాటు మాత్రం పోలేదు. (అన్నట్టు, ఆ పేరులో 'మై' అంటే 'నా' అనుకుంటారు చాలామంది. దాన్ని తయారుచేసిన మైకేల్ విడేనియస్ పెద్దకూతురి పేరు మై. చిన్నకూతురు మరియా పేరు మీద తర్వాత మరియాడీబీ వచ్చింది.) జాబితా పెరిగి 255 దాటితే ఏమవుతుంది? 2015లో 5.7 వెర్షన్ వచ్చేదాకా మై ఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో పట్టినంత రాసుకుని మిగతాది కోసేసేది. ఒక చిన్న హెచ్చరిక వదిలేది గానీ దాన్ని చూసే నాథుడు ఉండడు. 5.7 నుంచి మామూలుగా 'పట్టదు' అని నిరాకరిస్తుంది. కానీ పాత ప్రోగ్రాములు ఆగిపోతున్నాయని ఆ కట్టుబాటును చేత్తో తీసేసిన చోట ఇప్పటికీ పాత కథే. కోతపడేది ఎప్పుడూ తోకకే, అంటే అన్నిటికన్నా చివర చేర్చినదానికే. నిన్న ఒళ్ళంతా దద్దుర్లొచ్చి పరుగెత్తుకొచ్చినప్పుడు కనిపెట్టిన మందుకే.

పేర్లు రాస్తే ఇన్ని తంటాలని కొందరు అంకెలు పెడతారు. పెన్సిలిన్‌కు 1, వేరుశనగకు 10, గుడ్డుకు 11. గడిలో '10,11' అని ఉంటుంది. ఇప్పుడు 'పెన్సిలిన్ పడనివాళ్ళెవరు?' అని అడుగుతూ గడిలో ఎక్కడైనా 1 ఉందేమో వెతకమంటే వేరుశనగవాళ్ళూ గుడ్డువాళ్ళూ అందరూ వచ్చేస్తారు. పదిలోనూ ఒకటుంది, పదకొండులో రెండు ఒకట్లున్నాయి మరి. అంకెకు అటూ ఇటూ కామాలు తగిలించి వెతకడం, కామాల మధ్య వెతకడానికే మై ఎస్‌క్యూఎల్ ఇచ్చిన 'ఫైండ్ ఇన్ సెట్' వాడడం లాంటి కిటుకులున్నాయి. జవాబు సరిగ్గానే వస్తుంది. అయితే ప్రతిసారీ ప్రతి మనిషి గడినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. పాత టెలిఫోన్ డైరెక్టరీలో ఇంటిపేరు తెలిస్తే నిమిషంలో నంబరు దొరికేది, ఎందుకంటే అది ఇంటిపేర్ల వరుసలో ఉండేది. వీధి పేరు మాత్రమే తెలిస్తే పుస్తకమంతా తిరగెయ్యాలి. డేటాబేసుకు అలాంటి వరుసే 'ఇండెక్స్'. కామాల మధ్య నలిగిపోతున్న మందు పేరుకు మామూలు ఇండెక్స్ అందదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. రిసెప్షన్లో ఒకరు, డాక్టరు గదిలో ఒకరు ఒకే పేషెంటు కాగితం రెండు తెరల మీద తెరిచారు. ఇద్దరికీ కనిపించేది 'పెన్సిలిన్' ఒక్కటే. రిసెప్షన్లోని అమ్మాయి 'సల్ఫా' చేర్చి సేవ్ చేసింది. అర నిమిషం తర్వాత డాక్టరు 'ఆస్పిరిన్' చేర్చి సేవ్ చేశారు. గడిలో చివరికి మిగిలేది 'పెన్సిలిన్, ఆస్పిరిన్'. సల్ఫా ఏదీ? డాక్టరుగారి తెర మీద అది లేదు కాబట్టి ఆయన జాబితా మొత్తం గడి మీద పడి దాన్ని తుడిచేసింది. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు. పేచీ వాళ్ళది కాదు, ఆ గడిది.

ఈ తగువు కొత్తదేం కాదు. ఐబీఎం సంస్థకు కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో ఉన్న పరిశోధనాలయంలో ఎడ్గర్ కాడ్ అనే ఇంగ్లండు దేశస్థుడు పనిచేసేవాడు. 1923లో పుట్టాడు, రెండో ప్రపంచయుద్ధంలో విమానం నడిపాడు, తర్వాత లెక్కల మనిషి అయ్యాడు. 1970 జూన్‌లో ఆయన ప్రచురించిన ఒక వ్యాసం మీదే ఈనాటి పట్టికల డేటాబేసులన్నీ నిలబడి ఉన్నాయి. 1981లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. 2003లో కన్నుమూశాడు.

ఆ వ్యాసంలో ఆయన తీసుకున్న ఉదాహరణ మన ఇళ్ళకు దగ్గరిది. ఒక ఉద్యోగి. అతనికో నంబరు, పేరు, పుట్టినతేదీ. ఇక్కడిదాకా తేలిక. అతని పిల్లలు? ఒకరా, ముగ్గురా తెలియదు, ఒక్కొక్కరికీ పేరు, పుట్టిన సంవత్సరం. అతను చేసిన ఉద్యోగాలు? ఏ తేదీ నుంచి ఏ హోదా అన్నది ఒక జాబితా. ఆ ఒక్కో హోదాలో జీతం ఎప్పుడెప్పుడు ఎంత పెరిగిందన్నది మళ్ళీ ఆ జాబితా లోపల ఇంకో జాబితా. ఉల్లిపాయ పొరల్లా ఒకదానిలో ఒకటి. కాడ్ ఏం చేశాడంటే ఒక్కో పొరనూ విడదీసి దేనికదే పట్టికగా పరిచాడు. ఉద్యోగుల పట్టిక ఒకటి, పిల్లల పట్టిక ఒకటి, ఉద్యోగాల పట్టిక ఒకటి, జీతాల పట్టిక ఒకటి. పిల్లల పట్టికలో ప్రతి వరుసలోనూ తండ్రి ఉద్యోగి నంబరు రాశాడు. మనుషులు ఏ ఊరు వెళ్ళినా ఇంటిపేరు వెంట వెళ్ళినట్టు, ప్రతి వరుసా తన ఇంటి నంబరు మోసుకెళుతుంది. ఇప్పుడు ఎవరి పిల్లలెవరో చెప్పడానికి అందరినీ ఒకే గదిలో కుక్కనక్కరలేదు.

మన ఆస్పత్రికి ఇదే పద్ధతి పెడదాం. పేషెంట్ల పట్టికలో మనిషికో వరుస, మనిషికో నంబరు. మందుల పట్టికలో మందుకో వరుస, మందుకో నంబరు. ఈ రెంటినీ కలుపుతూ మూడో పట్టిక. అందులో ప్రతి వరుసలో రెండే ముఖ్యమైన గడులు, పేషెంటు నంబరు, మందు నంబరు. సుబ్బమ్మగారికి మూడు మందులు పడవంటే ఆ పట్టికలో మూడు వరుసలు. ముప్ఫై అయినా బాధ లేదు, వరుసలు ఎన్నైనా పెరుగుతాయి, తోక కోసేవాడు లేడు. పైన చెప్పిన అమ్మాయి ఒక వరుస రాస్తుంది, డాక్టరుగారు ఇంకో వరుస రాస్తారు, ఒకరిది ఒకరు తుడవరు. అదే మందు రెండుసార్లు ఎక్కకుండా, లేని మందు నంబరు రాకుండా కాపలా కూడా డేటాబేసే కాస్తుంది, చెప్పి పెడితే.

మందుల పట్టిక విడిగా ఉండడంలో ఇంకో సుఖముంది. పెన్సిలిన్ పడని మనిషికి అమాక్సిసిలిన్ కూడా ఇవ్వకూడదు, రెండూ ఒకే కుటుంబం. పేరులో వెతికితే 'పెన్సిలిన్' అన్న మాట 'అమాక్సిసిలిన్'లో దొరకదు. మందుల పట్టికలో 'కుటుంబం' అని ఒక గడి పెట్టుకుంటే చీటీ రాస్తున్నప్పుడే కంప్యూటరు ఆగి హెచ్చరించగలదు. కామాల గడితో ఆ పని చేయించబోతే మీ జుట్టు తెల్లబడుతుంది.

వెతకడం మాటకొస్తే 2011లో జరిగింది చెప్పాలి. జ్వరానికి, నొప్పికి ఇచ్చే నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని ఆ సంవత్సరం కేంద్రప్రభుత్వం నిషేధించింది. అలాంటి వార్త పొద్దున పేపర్లో చదివిన పిల్లల డాక్టరుకు కావలసింది ఒకే ఒక్క సంగతి: 'ఈ మధ్య నేను ఈ మందు రాసిన పన్నెండేళ్ళలోపు పిల్లలెవరు, వాళ్ళ ఫోన్ నంబర్లేమిటి?' మూడు పట్టికలున్న చోట అది నాలుగు లైన్ల ప్రశ్న, కాఫీ చల్లారేలోపు జవాబు. కామాల గడి ఉన్న చోట 'నిమెసులైడ్', 'నిముసులైడ్', 'నిమ్ సిరప్' అని తలా ఒక రకంగా టైపు చేసిన గడులన్నీ మనిషి కూర్చుని చదవాలి. జాబితాను దాచుకునేటప్పుడే 'రేపు ఇందులోంచి ఒక్కదాన్ని పట్టుకుని అడుగుతానా?' అనుకోవాలి. అడుగుతాననుకుంటే దానికి సొంత వరుస ఇవ్వవలసిందే.

సరే, పట్టికలు సిద్ధం. ప్రోగ్రాము నుంచి అర్రేను అందులోకి ఎక్కించేటప్పుడు జాగ్రత్త పడవలసినవి కొన్ని ఉన్నాయి. ఐదు మందుల జాబితా అంటే ఐదు వరుసలు రాయడం. మూడోది రాస్తుండగా కరెంటు పోయిందనుకోండి. మన ఊళ్ళకు అది కొత్త కాదు. సగం జాబితా మిగిలితే అసలు లేనిదానికన్నా ప్రమాదం, చూసినవాళ్ళు ఇంతేననుకుంటారు. అందుకే ఆ ఐదింటినీ ఒకే మూటగా కట్టాలి. ఎక్కితే ఐదూ ఎక్కాలి, లేకపోతే ఒక్కటీ ఎక్కకూడదు. దీన్నే 'ట్రాన్సాక్షన్' అంటారు. బ్యాంకులో మీ ఖాతాలోంచి డబ్బు పోయి అవతలి ఖాతాలో పడకుండా మధ్యలో ఆగిపోకుండా చూసేదీ ఇదే.

విలువలను ప్రశ్న వాక్యంలో నేరుగా అతికించకూడదు. డిసౌజా లాంటి పేర్లను ఇంగ్లీషులో రాసినప్పుడు మధ్యలో ఒక కొక్కెం గుర్తు వస్తుంది, అది చాలు వాక్యం విరగడానికి. దుర్బుద్ధి ఉన్నవాడు అదే సందులోంచి దూరి పట్టికలే చెరిపేయగలడు. వాక్యంలో విలువ రావలసిన చోట ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, విలువను విడిగా అందించాలి. అయితే అర్రే దగ్గర ఇక్కడో గుంట ఉంది. '3, 7, 12 నంబరు మందుల్లో ఏదైనా వాడేవాళ్ళు' అని అడగాలి. మూడు విలువలకు మూడు ప్రశ్నార్థకాలు పెట్టాలి. బద్ధకించి ఒకే ప్రశ్నార్థకం పెట్టి '3,7,12' అనే మొత్తం మాటను అందిస్తే మై ఎస్‌క్యూఎల్ దాన్ని అంకెగా మార్చబోయి మొదటి 3 తీసుకుని మిగతాది వదిలేస్తుంది. తప్పు అని అరవదు. మూడో నంబరు మందువాళ్ళను చూపించి ఊరుకుంటుంది. జవాబు వచ్చింది కదా అని మనమూ ఊరుకుంటాం. జాబితా ఖాళీ అయితే మాత్రం ప్రశ్న వాక్యమే చెల్లదంటుంది, కాబట్టి ఖాళీనా కాదా అన్నది ముందే చూసుకోవాలి.

తిరిగి తెచ్చుకునేటప్పుడు కొత్తవాళ్ళు చేసేది ఒకటుంది. ఇవాళ వచ్చిన మూడువందల మంది పేర్లు తెస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరి మందుల కోసం ఒక్కోసారి డేటాబేసు దగ్గరికి వెళతారు. మొత్తం 301 ప్రయాణాలు. అల్లానికి ఒకసారి, వెల్లుల్లికి ఒకసారి, కొత్తిమీరకు ఒకసారి బజారుకు పరుగెత్తినట్టు. పట్టికలను జతచేసి ఒకే ప్రశ్నలో అన్నీ తెచ్చుకోవాలి, దాన్ని 'జాయిన్' అంటారు. అందులో సుబ్బమ్మగారి పేరు మూడు వరుసల్లో మూడుసార్లు వస్తుంది. ప్రోగ్రాము ఒక్కో వరుసా చూస్తూ, నంబరు మారేదాకా ఒకే మనిషి కింద పోగుచేసుకుంటూ పోవాలి. వరుసలు పేషెంటు నంబరు క్రమంలో రావాలని అడగడం మరచిపోకూడదు.

మామూలు జాయిన్‌లో ఒక గడుసుతనం ఉంది. మూడో పట్టికలో ఒక్క వరుసైనా లేని మనిషి జవాబులోనే కనబడడు. ఏ మందుతోనూ ఇబ్బంది లేని ఆ ఆరోగ్యవంతుడు ఆస్పత్రికి రానట్టే లెక్క! 'లెఫ్ట్ జాయిన్' వాడితే అతనూ వస్తాడు, మందు గడి ఖాళీగా. అప్పుడు కూడా ఒక సందేహం మిగిలే ఉంటుంది. ఖాళీ అంటే ఏ మందూ పడకపోవడం లేదనా, అసలు ఎవరూ అడగలేదనా? స్పృహ లేకుండా తెచ్చిన మనిషికి ఇంజక్షన్ ఇచ్చే ముందు ఈ రెంటికీ చాలా తేడా ఉంది. వరుసలు లేకపోవడం ఆ తేడా చెప్పలేదు. అందుకు పేషెంటు పట్టికలోనే 'అడిగిన తేదీ' అని ఒక గడి పెట్టాలి. తేదీ ఉండి వరుసలు లేకపోతే నిశ్చింత. తేదీయే లేకపోతే ముందు అడగాలి.

క్రమం సంగతి కూడా. అర్రేలో మొదటిది మొదటే ఉంటుంది. పట్టికకు అలాంటి పట్టింపు లేదు, ముందు పెట్టినది ముందే వస్తుందన్న హామీ ఏమీ ఇవ్వదు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ వరుసలో ఆగాలి. పట్టికలోంచి తెస్తే కోదాడ ముందొచ్చి చౌటుప్పల్ తర్వాత రావచ్చు. క్రమం ముఖ్యమైన జాబితాకు 'ఎన్నోది' అనే గడి ఒకటి అదనంగా పెట్టుకుని దాని ప్రకారం అడగాలి.

ఇంత చెప్పాక అన్ని జాబితాలనూ వరుసలుగా విడగొట్టాలా అంటే, అక్కరలేదు. ఈసీజీ తీస్తారు చూడండి. పది సెకన్ల పాటు, సెకనుకు 500 సార్లు కొలిచే యంత్రమైతే ఒక్కో గీతకు 5,000 అంకెలు. పన్నెండు గీతలకు అరవై వేలు. అదీ అర్రేనే. కానీ '3,172వ అంకె ఎవరెవరిది ఎంత?' అని ఏ డాక్టరూ అడగడు. గీత మొత్తం ఒకేసారి కావాలి, ఒకేసారి చూడాలి. అలాంటిదాన్ని అరవై వేల వరుసలు చేయడం చాదస్తం. మొత్తం మూటగట్టి ఒక గడిలో పెట్టడమే మంచిది.

డేటాబేసులు కూడా ఇది గ్రహించాయి. ఎస్‌క్యూఎల్ భాష ప్రమాణాల్లో 1999లోనే అర్రేకు చోటిచ్చారు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గడిలో నేరుగా అర్రేను దాస్తుంది, లోపల ఫలానాది ఉందా అని అడిగితే చెబుతుంది, దానికి సరిపడే ప్రత్యేకమైన ఇండెక్సూ ఇస్తుంది. ఇందాకటి ప్రశ్నార్థకాల బాధ కూడా లేదు, అర్రేను అర్రేగానే అందించొచ్చు. దాని లెక్క మాత్రం మామూలుగా ఒకటి నుంచి మొదలు! సున్నాతో లెక్కపెట్టే ప్రోగ్రాము నుంచి వెళ్ళేవాళ్ళు తడబడేది అక్కడే. మై ఎస్‌క్యూఎల్‌లో అర్రే రకం లేదు గానీ 2015 నుంచి 'జేసన్' అనే రకం గడి ఉంది. జాబితాను పద్ధతిగా రాసుకుంటుంది కాబట్టి పేరులో కామా ఉన్నా గందరగోళం లేదు. కామాల గడి కన్నా ఇవి ఎంతో మేలు. అయినా మందులు, పిల్లలు, బాకీలు లాంటి జాబితాలకు నేను వరుసలనే నమ్ముతాను. జేసన్ గడిలో లేని మందు నంబరు రాసినా అడ్డుకునే కాపలా లేదు.

తెలుగులో డేటా పెట్టేవాళ్ళకు వేరుగా ఒక మాట. 'పారాసెటమాల్' అన్న మాటలో మనకు ఆరక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటరు గుణింతాలనూ పొల్లునూ విడిగా లెక్కపెట్టి పదకొండు అంటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 33. పీహెచ్‌పీలో అర్రేను మూటగట్టే 'సీరియలైజ్' అనే ఆదేశం ప్రతి మాట ముందూ ఆ బైట్ల లెక్క రాసిపెడుతుంది. తర్వాతెప్పుడో డేటాను ఇంకో సర్వరుకు మారుస్తూ లిపి పద్ధతి తేడా చేస్తే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, పక్కనున్న 33 మాత్రం అలాగే ఉంటుంది. లెక్క కుదరకపోతే మూట విప్పడానికి మొరాయిస్తుంది, ఒక్క మాట కోసం మొత్తం జాబితా పోతుంది. అలాగే, వరుసలను మళ్ళీ కామాలతో కలిపి చూపించే 'గ్రూప్ కన్‌క్యాట్' అనే సదుపాయం మై ఎస్‌క్యూఎల్‌లో ఉంది. మార్చకపోతే దాని హద్దు 1,024 బైట్లు. ఇంగ్లీషులో వెయ్యికి పైగా అక్షరాలు పడితే తెలుగులో 341 గుర్తులకే నిండిపోయి మిగతాది చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది. దాచడం సరిగ్గా చేసి చూపించడంలో కోతపెట్టుకున్నట్టు. హద్దు పెంచుకోవచ్చు, పెంచాలని తెలిసి ఉండాలి.

ఇప్పటికే కామాల గడితో ఏళ్ళ తరబడి నడుస్తున్న చోట ఏం చెయ్యాలి? కొత్త పట్టికలు పక్కనే కట్టుకోవాలి. పాత గడిని విడగొట్టి, అటూ ఇటూ ఉన్న ఖాళీలు చెరిపి, పేరు మందుల పట్టికలో సరిపోయినవాటిని వరుసలుగా ఎక్కించాలి. ప్రతి పేషెంటుకూ పాత గడిలో ఎన్ని, కొత్తగా ఎన్ని అన్నది లెక్క సరిచూడాలి. పాత గడిని వెంటనే తీసెయ్యకూడదు, కొన్నాళ్ళు చదవడానికి మాత్రం ఉంచాలి. సరిపోలనివి కొన్ని తప్పకుండా మిగులుతాయి. 'సల్' అని తోక తెగినవి, 'ఎర్ర మాత్ర' అని రాసినవి, ఏమిటో అర్థంకాని పొట్టి పేర్లు. 'సల్' అంటే సల్ఫాయే అయ్యుంటుందని ప్రోగ్రాము చేత ఊహింపజేయకూడదు. సాల్బుటమాల్‌ను కూడా ఎవరో పొరబాటున అలా మొదలుపెట్టి ఉండవచ్చు. వాటిని విడిగా అచ్చుతీసి డాక్టరుగారి బల్ల మీద పెట్టాలి. ఆయన గుర్తుపట్టనివాటికి ఆ ఇంటికి ఫోన్ చేసి, 'అమ్మా, మీకు పడని మందు పేరేమిటి, పాత చీటీ ఉందా?' అని అడగాలి.